శరీరానికి సంజాయిషీ నోటీసు

నూకరత్నం మొగుడి పేరు దేముడు. పేరుకు తగ్గట్టే ఎదురుగా కూర్చుని అన్నీ వింటాడు గాని, అడిగింది ఒక్కటీ ఇవ్వడు. కాబట్టి అనకాపల్లి బెల్లం మార్కెట్టు వెనక వీధిలో వాళ్ల అట్లబండిని పదిహేనేళ్లుగా ఆవిడ చేతులే నడిపాయి. పిండి రుబ్బింది ఆవిడే, అట్టు తిప్పింది ఆవిడే, వరస తప్పి ముందుకు దూరేవాణ్ని కాలరు పట్టుకుని వెనక్కి లాగిందీ ఆవిడే.

అలాంటి చేతులు ముప్పయ్యారో ఏట మొరాయించాయి. ముందు గ్యాసు బండ లేవలేదు. తరవాత పిండి గిన్నె లేవలేదు. ఆఖరికి తల దువ్వుకుందామంటే కుడిచెయ్యి ఛాతీ దాటి పైకి రాలేదు. కండరాల క్షీణత అన్నారు డాక్టర్లు. పుట్టుకతోనే ఒంట్లో ఉందన్నారు. "పుట్టుకతో ఉన్నది ఇన్నాళ్లూ ఎక్కడ కూకుంది?" అని నూకరత్నం వాళ్లనే నిలదీసింది.

ఆవిడ అదృష్టం కొద్దీ నగరంలో ప్రభుత్వంవారి కండర పునరుద్ధరణ సంస్థ ఒకటి కొత్తగా వెలిసింది. అక్కడ పేరు చెప్పని దాత ఎవరో ఇచ్చిన మూలకణాలను పెంచి, మూడు సూదులతో ఆవిడ కుడిభుజంలోకి ఎక్కించారు. మూలకణాలంటే విత్తనాల్లాంటివట. వెళ్లిన చోట కండై మొలుస్తాయట. నిజంగానే మొలిచాయి. అయిదో వారానికల్లా చెయ్యి చెవి దాకా లేచింది. ఆ రోజు నూకరత్నం తన తల తనే దువ్వుకుంది. పాపిడి వంకరగా వచ్చింది. అయినా సరే, ఆ వంకర పాపిడి చూసుకుంటూ పొద్దంతా అద్దం ముందు నుంచి లేవలేదు.

ఆరో వారం భుజం ఎర్రగా వాచింది. ఒళ్లు వెచ్చబడింది. చెయ్యి చెవి దగ్గర్నించి బుగ్గ దగ్గరికి జారింది.

"నీ ఒంట్లో కాపలావాళ్లు ఉంటారమ్మా. బయటి నుంచి ఏది వచ్చినా పట్టుకుని తరిమేస్తారు. పాపం వాళ్లకేం తెలుసు, దాత కణాలు మంచికే వచ్చాయని? దొంగలనుకుని మీద పడ్డారు," అని చెప్పింది డాక్టర్ వసుమతి. ఆ వార్డు ఆవిడదే. "ఇప్పుడిస్తున్న మాత్రలు వాళ్లని ఆపలేకపోతున్నాయి. ఇంకా గట్టివి మొదలెట్టాలి. ఇరవై ఒక్క రోజులు దాటితే లోపల ఒక్క కణం మిగలదు."

"పోతే పోనీయండి, మల్లీ గుచ్చండి. సూదులకి నానేటి బయపడతానా?"

"మళ్లీ కుదరదు. నీ ఒళ్లు ఆ కణాల్ని గుర్తుపెట్టుకుంటుంది. ఈసారి గుమ్మంలోనే చంపేస్తుంది."

"ఆ గట్టి మందు ఏ దేశంలో దొరుకుద్దమ్మా?"

"కింద స్టోరులోనే ఉంది. రెండో బీరువాలో."

"మరింకేటి బెంగ? ఈయన దిగి అట్టుకొత్తాడు," అంది నూకరత్నం. డాక్టరమ్మ కూడా అలాగే అనుకుంది. ఆవిడ సంస్థలో చేరి నాలుగు నెలలే అయింది.

సంగతేమిటంటే, ఆ సంవత్సరం సంస్థకు తెలుగు పట్టుకుంది. భాషాభిమానం మంచిదే, ఎవరు కాదంటారు? కాని అభిమానానికి ఉత్తర్వు తోడైతే దాని దారి వేరు. ఫైలులో ఒక్క ఇంగ్లీషు ముక్క కనిపించరాదని కమిషనరుగారు ఆజ్ఞాపించారు. డాక్టర్లు ఏం రాసినా అది ముందు తెలుగు అమలు విభాగానికి వెళ్లి, తెలుగై తిరిగొచ్చాకే స్టోరు తాళం కదలాలి. ఆ విభాగమంటే సన్యాసిరావు ఒక్కడే. భూముల శాఖ నుంచి అరువు మీద వచ్చాడు. వస్తూ వస్తూ అక్కడి పదకోశం కూడా చంకలో పెట్టుకొచ్చాడు. అంతకు ముందు వారమే ఎవరికో మంచం మీద పడి ఉండి వీపు పుండు పడితే, డాక్టరు రాసిన బెడ్‌సోర్ అన్న మాటని ఆయన శయ్యా సంతాపం అని రాశాడు. మర్నాడు వార్డుకి సంతాప తీర్మానం వచ్చింది. అందరూ లేచి నిలబడి రెండు నిమిషాలు మౌనం పాటించారు, పుండు ఉన్నాయన తప్ప.

వసుమతి ఇంగ్లీషులో రాసింది రెండే వాక్యాలు. డోనర్ ఇచ్చిన గ్రాఫ్ట్‌ని హోస్ట్ రిజెక్ట్ చేసింది. ఇమ్యూన్ సిస్టంని వెంటనే సప్రెస్ చేయాలి. అంతే. సన్యాసిరావు పదకోశం తెరిచాడు. గ్రాఫ్ట్ అన్న మాటకు ఎదురుగా లంచం అని ఉంది. లంచాన్ని ఎవరో తిరస్కరించారని రాయబోయి ఆగాడు. ముప్పయ్యేళ్ల సర్వీసులో అలాంటిది కనలేదు, వినలేదు. ఎక్కడో పొరపాటు జరిగిందని తేల్చుకుని, దాన్ని కొట్టేసి దానం అని రాశాడు. హోస్ట్‌కి గృహస్థు అని దొరికింది. చివరికి కాగితం ఇలా తయారైంది:

"దాత ఇచ్చిన దానమును గృహస్థు తిరస్కరించినారు. రక్షణ వ్యవస్థను తక్షణమే అణచివేయవలెను."

మూడో రోజున నూకరత్నానికి పరిపాలనాధికారి భానుమూర్తిగారి గది నుంచి పిలుపొచ్చింది. దేముడు వెంట వెళ్లాడు. భానుమూర్తిగారు మాట్లాడితే ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది. ఇంట్లో మజ్జిగ కావాలన్నా కారణాలు వివరిస్తారని ప్రతీతి.

"నూకరత్నంగారూ, ప్రభుత్వంవారు తమరికి దయతో సమకూర్చిన దానాన్ని తమరు తిరస్కరించినట్టు మా దృష్టికి వచ్చింది. దీనిపై తమరి సంజాయిషీ ఏమిటి?"

"నానేటి ఒద్దన్నానా బాబూ? మూడు సూదులు గుచ్చితే కిక్కురుమన్నేదు."

"తిరస్కరణ జరిగిన మాట వాస్తవమేనా?"

"జరిగిందనే డాక్టరమ్మ సెప్తంది."

"మరి చేసినది ఎవరు?"

"నా ఒల్లు, బాబూ. నాను ఒప్పుకున్నాను గాని ఒల్లు ఒద్దంతంది."

భానుమూర్తిగారు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. "అంటే, తమరు వేరు, తమరి శరీరం వేరు అని వాంగ్మూలం ఇస్తున్నారన్నమాట."

"మావూరొచ్చిన హరికథ దాసుగారూ అదే సెప్పినారండి," అన్నాడు దేముడు, ఎప్పుడూ నోరు విప్పనివాడు విప్పి.

భార్యకు సాయం చేశాననే అతను అనుకున్నాడు. ఆ ముక్క యథాతథంగా ఫైలుకెక్కింది. అప్పటి నుంచి నూకరత్నం ఒకటో ప్రతివాది, ఆవిడ శరీరం రెండో ప్రతివాది.

వసుమతి ఆ మధ్యాహ్నమే పరిగెత్తుకొచ్చింది. రిజెక్షన్ అంటే మనిషి వద్దనడం కాదని, అది ఒంటి స్వభావమని, స్టోరులో మందు ఉందని, రోజులు గడిచిపోతున్నాయని చెప్పింది. భానుమూర్తిగారు ఓపిగ్గానే విన్నారు.

"డాక్టరమ్మా, నాకు తమరి మీద గౌరవం ఉంది. కాని వద్దన్నవాళ్లకి బతిమాలి మళ్లీ వడ్డిస్తే ప్రభుత్వానికి పరువేం మిగుల్తుంది? ముందు రెండో ప్రతివాది సంజాయిషీ రానివ్వండి."

రెండో ప్రతివాదికి నోటీసు రిజిస్టరు పోస్టులో వెళ్లింది. ఒకే మేడ, కింద గది నుంచి పై వార్డుకి. అయినా నిబంధన ప్రకారం అది నగరంలోని పెద్ద పోస్టాఫీసుకి వెళ్లి, ముద్రలు వేయించుకుని, ఆరో రోజున తిరిగొచ్చింది. పోస్టుమాన్ మంచాల మధ్య నిలబడి కవరు మీది పేరు గట్టిగా చదివాడు.

"శరీరంగారు ఎవరండీ? కేరాఫ్ నూకరత్నం, మంచం నంబరు పద్నాలుగు."

"ఇదిగో, ఇదే. ఇలాగియ్యి," అంది నూకరత్నం.

"మీరు కేరాఫ్ కదండీ. శరీరంగారే సంతకం పెట్టాలి."

"అది సంతకం పెట్టగలిగితే ఈ మంచమ్మీద నానెందుకుంతాను నాయనా?"

ఆ పోస్టుమాన్ మంచివాడు. ఆవిడ బొటనవేలు తనే పట్టుకుని కాగితం మీద అద్దించి, శరీరంగారి వేలిముద్ర అని పక్కన రాసుకుని వెళ్లాడు. నోటీసులో ఇలా ఉంది: "ఏ కారణము చేత తమరు దాత కణములను తిరస్కరించితిరో పదిహేను రోజులలోగా తెలియజేయవలెను. లేనిచో తమరు చెప్పుకొనుటకు ఏమియు లేదని భావించి తదుపరి చర్య గైకొనబడును."

అప్పటికి తొమ్మిది రోజులు పోయాయి. వసుమతి అక్కడే స్టూలు మీద కూర్చుంది. "నువ్వు చెప్పు, నేను రాస్తాను," అంది. నూకరత్నం చెప్పింది. "అయ్యా, నాను నూకరత్నం ఒల్లుని. ఎవులో కొత్తోలు ఇంట్లోకి దూరితే కొట్టినాను. వచ్చినోలు సుట్టాలని నాకెవులూ సెప్పనేదు. సెప్పడానికో మందుందంట. అది మీ బీరువాలోనే ఉందంట. దయుంచి బేగి ఇప్పించండి."

ఇంతకంటే చక్కగా ఆ వ్యాధి సంగతి ఏ పుస్తకంలోనూ లేదని వసుమతికి అనిపించింది. ఆ కాగితం తీసుకెళ్లి ఇస్తే సన్యాసిరావు దాంట్లో నాలుగు అక్షరదోషాలు దిద్ది, శరీరం నేరం ఒప్పుకుందని పైన రాసి పంపాడు.

చెయ్యి బుగ్గ దగ్గర్నించి గడ్డం దగ్గరికి దిగింది. దువ్వెన దేముడి చేతికి వెళ్లింది. అతను దువ్వితే జుట్టు చిక్కు వీడకపోగా కొత్త చిక్కులు పడేవి. నూకరత్నం తిట్టడం కూడా మానేసింది. అది చూసి వార్డులో అందరికీ భయం వేసింది.

ఇక కాగితంలో రెండో వాక్యం ఒకటి ఉంది కదా, రక్షణ వ్యవస్థను అణచివేయవలెనని. భానుమూర్తిగారు దాన్నీ అశ్రద్ధ చేయలేదు. అణచివేత తమ సంస్థ పరిధిలోకి రాదని, ఆ పనికి వేరే శాఖ ఉందని నిర్ధారించుకుని పోలీసు స్టేషనుకి లేఖ రాశారు. పదమూడో రోజున హెడ్డు కానిస్టేబులు ఎర్రునాయుడు ఇద్దరు కానిస్టేబుళ్లతో, మూడు లాఠీలతో వార్డులోకి వచ్చాడు.

"ఎవులమ్మా ఇక్కడ తిరగబడినోలు?"

"నా ఒంట్లో కాపలావోలు బాబూ," అంది నూకరత్నం.

"ఎంతమందుంతారు?"

"కోట్లలో ఉంటారు," అంది వసుమతి. ఆవిడ అప్పటికి విసిగిపోయి ఉంది.

ఎర్రునాయుడు వెనక్కి తిరిగి తన ఇద్దర్నీ చూసుకున్నాడు. తరవాత టోపీ తీసి స్టూలు మీద కూర్చుని, ఆదినుంచి అంతా చెప్పించుకున్నాడు. ఆ మేడలో డాక్టరమ్మ కాక ఆవిడ మాట పూర్తిగా విన్న మొదటి ప్రభుత్వోద్యోగి అతనే. విన్నాక కళ్లు తుడుచుకున్నాడు. "నా తోడబుట్టిన అప్పకీ ఇలాగే కాల్లు పడిపోనాయమ్మా," అన్నాడు. ఆవిడకి మేలు చేద్దామనే, ఏ కేసూ పడకుండా ఉండాలనే, తన రిపోర్టు శ్రద్ధగా రాశాడు. "సంఘటనా స్థలము ప్రశాంతముగా ఉన్నది. గుంపులు గాని, నినాదములు గాని లేవు. శరీరము పోలీసువారికి పూర్తిగా సహకరించినది. అణచివేత అవసరము కనబడలేదు."

ఆ చివరి వాక్యం కింద భానుమూర్తిగారు ఎర్ర సిరాతో గీత గీశారు. అణచివేత అవసరం లేదని సాక్షాత్తూ పోలీసులే చెప్పాక అణచివేసే మాత్రలు ఎలా ఇస్తారు? వసుమతి ఆ గదిలోనే గొంతు చించుకుంది. భానుమూర్తిగారు ఆవిడకి మంచినీళ్లు తెప్పించారు.

పదిహేడో రోజున ఫైలు కమిషనరు త్రివిక్రమరావుగారి బల్ల మీదికి చేరింది. ఆయనకి తెలుగు తరవాత రెండో పిచ్చి ఒకటి పట్టి ఉంది. ప్రభుత్వ సాయాన్ని ప్రజలు తమంతట తామే వదులుకోవాలని ఆయన ఒక ఉద్యమం మొదలుపెట్టారు. దాని పేరు వద్దంటేనే ముద్దు. ఊరంతా గోడల మీద రాయించారు, పాట కట్టించారు. మూడు నెలలైనా ఒక్క మనిషి ఒక్కటీ వదులుకోలేదు. ఇప్పుడు ఫైలు తెరవగానే మొదటి వాక్యం కనిపించింది. దాత ఇచ్చిన దానమును గృహస్థు తిరస్కరించినారు.

"ఒక అట్లబండి ఆవిడ!" అన్నారు కమిషనరుగారు. ఫైలుని గుండెకి హత్తుకున్నారు. "ఏమయ్యా భానుమూర్తీ, ఇలాంటి మహాతల్లికి సంజాయిషీ నోటీసు ఇస్తావుటయ్యా?"

భానుమూర్తిగారు నొచ్చుకోలేదు. సాయంత్రంలోగా అదే ఫైలులో ప్రతివాది అన్న చోటల్లా త్యాగశీలి అని దిద్దించారు. ఇరవయ్యో రోజు పదకొండు గంటలకి సంస్థ సభామందిరంలో సన్మానం అని నిర్ణయమైంది. మందు సంగతి వసుమతి మళ్లీ ఎత్తితే, త్యాగం చేసినవారికి త్యాగం చేసినదాన్నే తిరిగి ఇవ్వడం వారిని అవమానించడమవుతుందని కమిషనరుగారు నచ్చజెప్పారు.

ఇరవయ్యో రోజుకి నూకరత్నం చెయ్యి పూర్తిగా ఒళ్లోకి వచ్చేసింది. చక్రాల కుర్చీలో వేదిక ఎక్కించారు. వెనక తెర మీద ఆవిడ బొమ్మ, కింద వద్దంటేనే ముద్దు అని రంగు దీపాలు. కుర్చీ తోసుకొచ్చిన వసుమతి వంగి చెవిలో చెప్పింది. "రేపటితో గడువు ఆఖరు. మైకు చేతికొస్తే అడిగెయ్. ఇంక నాకేం తోచడం లేదు."

కమిషనరుగారు అరగంట మాట్లాడారు. త్యాగం మన రక్తంలోనే ఉందన్నారు. ఆ మాట ఒక్కటే వైద్యపరంగా నిజం, దాత కణాల్ని తరిమే కాపలావాళ్లు తిరిగేది రక్తంలోనే. శాలువా కప్పాక మైకు ఆవిడ నోటి దగ్గర పెట్టారు.

"నాను ఏ త్యాగమూ సెయ్యనేదు బాబూ," అంది నూకరత్నం. "నాకు ఆ కణాలు కావాల. మందు కావాల. నా సెయ్యి నాకు కావాల. శాలువా మీరే కప్పుకోండి."

సభలో గుసగుసలు లేచాయి. పాట పాడేవాళ్లు వాయిద్యాలు కింద పెట్టారు. కమిషనరుగారి నవ్వు మాత్రం చెదరలేదు. భానుమూర్తిగారు అప్పటికే నియమావళి తెరిచారు.

"ఆందోళన అవసరం లేదు. తిరస్కరణను ఉపసంహరించుకొనుటకు అవకాశం ఉంది. నిబంధన పదకొండు. తిరస్కరించినవారు సభాముఖంగా కుడిచేతిని తలపైకి ఎత్తి సమ్మతి తెలియజేయవలెను. తిరస్కరించినది శరీరం అని రికార్డులో ఉంది గనక, శరీరమే ఎత్తవలెను."

"ఎత్తితే మందిస్తారా?" అంది వసుమతి.

"ఎత్తనివ్వండి."

నూకరత్నం పళ్లు బిగించింది. మెడ నరాలు ఉబ్బాయి. చెయ్యి ఒళ్లోంచి బెత్తెడు లేచి, వణికి, మళ్లీ పడింది. రెండోసారి అంత కూడా లేవలేదు. మూడు వందల మంది చూస్తున్నారు. ఆవిడకి సిగ్గేసింది. పదిహేనేళ్లు ఊరికి అట్లు పోసిన చెయ్యి అది.

"శరీరము రెండోసారి కూడా నిరాకరించినది," అని రాసుకున్నాడు సన్యాసిరావు.

"లెగిస్తే నానిక్కడికెందుకు వత్తాను బాబూ? ఇంటికాడ అట్లేసుకుందును గదా!"

అప్పుడు కింద మొదటి వరసలోంచి దేముడు లేచాడు. ఎవరినీ అడక్కుండా వేదిక ఎక్కి, ఒక చెయ్యి ఆవిడ మోచేతి కింద, ఒక చెయ్యి మణికట్టు కింద పెట్టి, కుడిచేతిని తలపైకి ఎత్తి పట్టుకున్నాడు.

"అది పరాయి కండబలం సార్! చెల్లదు!" అని అరిచాడు సన్యాసిరావు.

భానుమూర్తిగారు చెయ్యి అడ్డం పెట్టారు. ఆయన మొహంలో వెలుగు వచ్చింది. "ఆగవయ్యా. పరాయి కండే. ఒక దాత సాయంగా ఇచ్చిన కండే. శరీరం దానికి అభ్యంతరం చెప్పిందా?"

"లేదండి," అన్నాడు సన్యాసిరావు.

"తరిమిందా? వాచిందా?"

"లేదండి. హాయిగా ఉంది."

"అయితే దాత ఇచ్చిన కండను శరీరం సభాముఖంగా స్వీకరించింది. కావున తిరస్కరణ జరగలేదు, జరిగి ఉండలేదు."

కమిషనరుగారు ఫైలు మోకాలి మీద పెట్టుకుని, పచ్చ సిరాతో అక్కడికక్కడే సంతకం చేశారు. సభ చప్పట్లతో మారుమోగింది. వసుమతి మందు చీటీ పట్టుకుని ఆయన ముందుకి ఉరికింది.

"దీని మీద కూడా పెట్టండి సార్. స్టోరు ఒంటిగంటకి మూసేస్తారు."

"ఇదేమిటమ్మా?"

"రిజెక్షన్ ఆపే మందు సార్. తిరస్కరణకి మందు."

కమిషనరుగారు చీటీని ఆప్యాయంగా మడిచి ఆవిడ చేతిలోనే పెట్టారు. "తిరస్కరణే లేదని ఇప్పుడే కదమ్మా తేల్చాం? లేని జబ్బుకి మందెందుకు?"

వసుమతి చీటీ పట్టుకుని వేదిక మెట్ల మీదే కూలబడి ఏడ్చింది. ఫోటోలవాళ్లు ఆవిడ మీదుగా వంగి దేముణ్నీ నూకరత్నాన్నీ తీస్తున్నారు. చెయ్యి అలాగే పైకి ఉంచమని కేకేస్తున్నారు. పాట మళ్లీ మొదలైంది.

"గెలిసినామేటే?" అని దేముడు పెళ్లాం చెవిలో అడిగాడు. చప్పట్ల హోరులో అతనికి ఏ మాటా సరిగా వినపడలేదు.

నూకరత్నం తలెత్తి తన చేతివేళ్లని చూసుకుంది. చాలా రోజులకి అవి తలకన్నా ఎత్తులో కనిపించాయి.

"నువ్వు అట్టుకునే ఉండు, ఒగ్గీకు," అంది. "ఒగ్గేసినావంటే ఇది మరి లెగదు."